ల్యాబ్‌లో పుట్టిన మందు జనం దాకా రావాలి

సంపాదకుల వారికి,

1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసిపిల్లల్లో దొరికిన వైరస్ రకంతోనే పిల్లలకు రోటావైరస్ విరేచనాలు రాకుండా వేసే రోటావాక్ టీకా తయారైంది, కానీ అది మార్కెట్లోకి వచ్చేసరికి 2015 అయింది. దాదాపు ముప్పై ఏళ్లు! జంతువుల మీద పరీక్షలు, తర్వాత మనుషుల మీద మూడు దశల ట్రయల్స్, ఆపైన అనుమతులు, ఇవన్నీ ఉండాల్సిందే, తొందరపడమని నేననను. అయితే మధ్యలో డబ్బుల్లేక ఆగిపోయే పరిశోధనల సంగతేంటి? బయోటెక్ పరిశోధనలకు సాయం చేయడానికి కేంద్రం 2012లో పెట్టిన బైరాక్ అనే సంస్థ నిధులిస్తోంది, మంచిదే. మన కర్నూలులో 1956 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, పెద్దాసుపత్రికి సీమ అంతటి నుంచీ రోగులొస్తారు. పేటెంట్లు, ట్రయల్స్, కంపెనీలతో ఒప్పందాలు చూసుకునే గట్టి విభాగం ఇక్కడ కావాలి. ప్రజల డబ్బుతో కనిపెట్టిన మందుకు ధర ఎంత ఉండాలో కూడా ఆ ఒప్పందంలోనే రాయించాలి.

– ఒక పాఠకుడు, కర్నూలు