మా తమ్ముడిని గట్టెక్కించిన అందరికీ

మా తమ్ముడికి అమ్మ కిడ్నీ ఇచ్చింది. విజయవాడ సూర్యారావుపేటలో ఆపరేషన్ బాగానే అయింది. తర్వాత వచ్చిపడిన గండం నుంచి వాడిని కాపాడిన వాళ్లకు నలుగురిలో దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను.

ఇంటికి పంపిస్తారనుకుంటుండగా వాడికి కడుపు ఉబ్బరం, ఆపైన వాంతులు మొదలయ్యాయి. యూరిన్ తగ్గిపోయింది, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో దిగిన క్రియాటినిన్ మళ్లీ ఎక్కింది. అమ్మ ఇచ్చిన కిడ్నీని ఒళ్లు ఒప్పుకోవట్లేదేమోనని ఒకటే టెన్షన్. రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ తీస్తే కిడ్నీకి రక్తం చక్కగా అందుతోందన్నారు.

అసలు సంగతి ముందు పసిగట్టింది నైట్ డ్యూటీ సిస్టర్‌గారు. బేసిన్‌లో వాంతి పచ్చగా పసరులా ఉండటం చూసి, "గ్యాస్ పోతోందా బాబూ? మోషన్ ఎప్పుడైంది?" అని అడిగారు. రెండూ లేవు. పొట్ట నొక్కితే పెద్దగా నొప్పి లేదన్నాడు వాడు. ఆవిడ మాత్రం వదల్లేదు. స్టెరాయిడ్లు వాడుతుంటే లోపల ముప్పు ఉన్నా నొప్పి పైకి తెలియకపోవచ్చని చెప్పి, అప్పటికప్పుడు డ్యూటీ డాక్టరుగారిని పిలిపించారు.

సీటీలో పేగు ఇరుక్కుందని తేలింది. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కగా, పేగుల్ని కప్పి ఉంచే పొరకు బయట పెడతారు. ఆ పొరలో చిన్న చిరుగున్నా, చాలా అరుదుగా, పేగు అందులోంచి జారి బిగుసుకుపోతుందట. వాంతులతో ఒంట్లో నీరు తగ్గి యూరిన్ పడిపోయింది తప్ప కిడ్నీకి ఏమీ కాలేదు. సర్జన్‌గారు ఇదంతా మందుల చీటీ వెనకాల బొమ్మ గీసి అమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ రాత్రే పేగును విడిపించి చిరుగు కుట్టేశారు. పేగు నల్లబడలేదు, కోయాల్సిన పనే పడలేదు. సార్, మీకు ఎంత చెప్పినా తక్కువే.

నోటితో మాత్రలు ఇవ్వలేని ఆ రోజుల్లో రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని ఒప్పుకోకపోవడం) రాకుండా మందులు మార్చి, అందుకు వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో కనిపెట్టుకుని ఉన్న కిడ్నీ డాక్టరు నెఫ్రాలజిస్టుగారికి, గుంటూరు నుంచి బస్సులో అమ్మకు పత్యం వంట తెచ్చిన పిన్నికి, అద్దె గడువు అయిపోయినా గది ఖాళీ చేయమనని ఇంటి ఓనరు అత్తయ్యగారికి కృతజ్ఞతలు.

ట్రాన్స్‌ప్లాంట్ అయిన మనిషికి కడుపు ఉబ్బి, పసరు వాంతులై, గ్యాస్ పోకపోతే నొప్పి లేదని ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సిస్టర్‌గారూ, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయలేదు. చెకప్‌కి వచ్చినప్పుడు వాడే స్వయంగా వార్డుకొచ్చి మిమ్మల్ని కలుస్తాడు.