రికార్డు మీద చెయ్యి

నాన్నా,

అమ్మ ఆశీస్సులు. నువ్వు చూడమన్న ‘స్క్రాచ్’ డాక్యుమెంటరీ, అదే, తిరిగే రికార్డును చేత్తో అటూ ఇటూ గీకి కొత్త శబ్దాలు పుట్టించే మీ డీజేల గురించిన సినిమా, మొన్న రాత్రి చూశాను. దాని ఆల్బమ్ అంతకుముందే రెండుసార్లు విన్నాను కానీ ఏమీ అందలేదు. గొంతు ఏదో, వాయిద్యం ఏదో, గీకుడు ఏదో తెలియక అంతా ఒకటే రొదగా తోచింది. సినిమా చూసిన మర్నాడు వంట చేసుకుంటూ మళ్ళీ పెట్టాను. ఈసారి చెయ్యి వినిపించింది. వేళ్లు రికార్డును వెనక్కి లాగడం, పట్టి ఆపడం, వదలడం అన్నీ తెలిశాయి. మృదంగం ఎడమ వైపు అరచేయి నొక్కి జార్చినప్పుడు నాదం వంగుతుందే, అలాంటి వంపు ఇందులోనూ ఉంది.

సినిమాలో నన్ను పట్టి ఆపింది గ్రాండ్ విజర్డ్ థియోడర్ అనే డీజే తన చిన్నతనం గురించి చెప్పిన సంగతి. 1970ల మధ్యలో, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, పన్నెండు పదమూడేళ్ల పిల్లవాడు గదిలో రికార్డులు వేసుకుంటున్నాడు. తల్లి తలుపు దగ్గరకు వచ్చి శబ్దం తగ్గించమంది. ఆమె మాట్లాడుతున్నంత సేపూ తిరిగే రికార్డును చేత్తో పట్టుకున్నాడు. చెయ్యి అటూ ఇటూ కదిలింది. హెడ్‌ఫోన్లలో ఏదో కొత్త శబ్దం! ఆమె వెళ్లిపోయాక దాన్నే పట్టుకుని సాధన చేశాడు. 1983లో జాజ్ సంగీతకారుడు హెర్బీ హాన్‌కాక్ ‘రాకిట్’ పాటలో ఆ గీకుడే లోకమంతా మోగింది. అది విని ఎంతమంది డీజేలు అయ్యారో సినిమాలో ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే, మళ్ళీ ఆ తలుపే గుర్తొచ్చింది.

నీ పదో తరగతిలో నేనూ అలాగే తలుపు దగ్గర నిలబడ్డాను. తగ్గించమని ఊరుకోలేదు, స్పీకరు వైరు లాగేశాను. నువ్వు ఒక్క మాట అనలేదు. ఆ రోజు నీ చేతిలో ఏముందో, ఏం వింటున్నావో నేను అడగలేదు. అది నా తప్పే. ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

నేను పెరిగిన ఇంట్లో రికార్డు మీద చెయ్యి పెట్టడమంటే అపచారం. మీ తాతయ్య రెండు అరచేతుల మధ్య అంచులు మాత్రమే ఆనేలా పట్టుకునేవారు. మెత్తని గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, ముల్లును ఊపిరి బిగబట్టి దించేవారు. వేలి చెమట తగిలితే పాట చెడుతుందనేవారు. అదంతా చూసి పెరిగిన దాన్ని కాబట్టి, నువ్వు అరచేయి ఆనించి రుద్దుతుంటే నా ఒళ్లు జలదరించేది. రికార్డు కింద జారే గుడ్డ ఉంటుందని, పైన చెయ్యి ఆపినా కింద పళ్ళెం తిరుగుతూనే ఉంటుందని ఇప్పుడే తెలిసింది. మీ డీజేలదీ జాగ్రత్తే. తాతయ్య ఆ జాగ్రత్తను పాట చెడకుండా చూడడానికి వాడారు, మీరు పాటలోంచి ఇంకో పాట తీయడానికి వాడుతున్నారు.

ఆయన బీరువాలో ఒక నాదస్వరం రికార్డుకు రెండు ప్రతులున్నాయి. మొదటిదాని మీద గీత పడిందని బాధపడి, వెతికి వెతికి రెండోది కొన్నారు. హిప్‌హాప్ తొలినాళ్లలో డీజే కూల్ హెర్క్ కూడా ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని, దరువు ముక్కను ఆగకుండా సాగదీసేవాడట కదా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ టర్న్‌టేబుళ్లు రెండూ తీసుకురా. ఆ రెండు రికార్డులూ తుడిచి బయట పెట్టాను. ఈసారి నేను గది లోపలే కూర్చుంటాను.

అమ్మ