రుజువు భారం ఎవరి మీద?

సంపాదకులకు నమస్కారం.

తెలివి ఒక్కటే చాలదు, వివేకం, దయ కూడా ఉండాలంటే కాదనేవాళ్లు ఉండరు. ఒప్పుకున్నాక చేయాల్సిందేమిటో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఆ మాట సన్మాన సభల్లో చప్పట్లకే మిగిలిపోయింది. నాకు తోచిన జవాబు కాస్త పొడిగా ఉంటుంది. కొత్త పని ఏదైనా తలపెట్టినప్పుడు, హాని ఉందని దెబ్బతినేవాడు రుజువు చేయాలా, లేదని తలపెట్టినవాడు రుజువు చేయాలా? దయ, వివేకం ఉన్నాయో లేవో తేలేది అక్కడే.

సీసం కలిపిన పెట్రోలు సంగతే చూడండి. ఇంజను సిలిండరులో స్పార్కు మంట చేరకముందే ఒక మూల ఇంధనం దానంతటదే భగ్గుమంటే టకటకమని చప్పుడొస్తుంది, బలం తగ్గుతుంది, పిస్టన్లు పాడవుతాయి. దీన్ని నాకింగ్ అంటారు. టెట్రాఇథైల్ లెడ్ దాన్ని ఆపుతుందని 1921 డిసెంబరులో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనుక్కున్నాడు. గ్యాలనుకు, అంటే సుమారు 3.8 లీటర్లకు, 3 మిల్లీలీటర్లు కలిపితే చాలు. రసాయన శాస్త్రంగా చూస్తే అద్భుతమే. ఆల్కహాలు కలిపినా నాకింగ్ తగ్గుతుందని అప్పటికే తెలుసు. కానీ అది ఎక్కువ పాళ్లలో కలపాలి, పైగా ఎవరైనా తయారు చేసుకోగలిగిన సరుకు. సీసం విషమన్న సంగతి శతాబ్దాల నాటిది. సరుకు అమ్మకానికి వచ్చేసరికి పేరులోంచి సీసం మాట ఎగిరిపోయి ‘ఇథైల్’ మిగిలింది. పేరు దాచాలని తోచిందంటే లోపలున్నదేమిటో తెలిసే కదా!

1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఆ రసాయనం తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. ఆ నెలాఖరులోనే మిడ్జ్‌లీ విలేకరుల ఎదుట దాన్ని చేతుల మీద పోసుకుని, నిమిషం పాటు ఆవిరి పీల్చి చూపించాడు. అంతకుముందు ఏడాది సీసం ఒంటికెక్కి సెలవు పెట్టిన మనిషే ఆయన. 1925 మే నెలలో ప్రభుత్వం పిలిచిన సమావేశంలో వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ గట్టిగా వ్యతిరేకించింది. ఆమె మాట నెగ్గలేదు. ‘హాని జరుగుతోందని చూపించండి, అప్పుడు చూద్దాం’ అన్న పరిశ్రమ వైద్యుడు రాబర్ట్ కీహో వాదన దశాబ్దాల పాటు చెల్లింది. ఆ చూపించే పరిశోధనకు చాలాకాలం డబ్బు పెట్టిందీ పరిశ్రమే. భారం చివరికి పొగ పీల్చే పిల్లల మీద పడింది. సీసం ఒంట్లో కాల్షియంలా చలామణీ అయి ఎదిగే మెదడులోకి చేరుతుంది, ప్రజ్ఞాంకాన్ని (ఐక్యూ) తగ్గిస్తుంది. కార్లకు ఈ పెట్రోలు అమ్మకం ప్రపంచమంతటా ఆగేసరికి 2021 వచ్చింది. చివరగా మానేసిన దేశం అల్జీరియా. కొందరి మేధస్సు తరాల పిల్లల మేధస్సును తినేసిందన్నమాట. తెలివి తెల్లారడమంటే ఇదే.

దుర్బుద్ధి లేకపోయినా ఇలాగే జరగవచ్చు. 1986 జనవరి 27 రాత్రి అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ ప్రయోగంపై ఫోనులో సమావేశం జరిగింది. నౌకను పైకి లేపే బూస్టరు రాకెట్ల కీళ్లలో వాయువు కారకుండా పెట్టే రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుపోతే మండే వాయువు బయటికి చిమ్ముతుందని, 53 ఫారన్‌హీట్, అంటే దాదాపు 12 సెల్సియస్ డిగ్రీలకన్నా చలిగా ఉంటే వద్దని తయారీ సంస్థ ఇంజనీర్లు అన్నారు. సురక్షితమని తేలితేనే ఎగరాలన్నది మామూలు పద్ధతి. ఆ రాత్రి అది తలకిందులై, ప్రమాదమని మీరే తేల్చండన్నట్టు తయారైంది. అంత చలిలో జరిపిన ప్రయోగాల లెక్కలు వాళ్ల దగ్గర లేవు. ఉంటే భయమెందుకు? వాళ్ల యాజమాన్యమే మాట మార్చి సరేనంది. మర్నాడు 36 ఫారన్‌హీట్ డిగ్రీల చలిలో లేచిన నౌక 73 సెకన్లకు ముక్కలైంది, ఏడుగురు పోయారు. ఆ సమావేశంలో తెలివితక్కువవాళ్లు లేరు. నౌక ఎక్కబోయేవాళ్లు కూడా లేరు.

మరోవైపు ఫ్రాన్సెస్ కెల్సీ. 1960 సెప్టెంబరులో, నిద్రకు, వేవిళ్లకు వాడే థాలిడోమైడ్ మాత్ర దరఖాస్తు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో ఆమె బల్ల మీదికొచ్చింది. 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి వచ్చినట్టేనన్నది అప్పటి నిబంధన. వివరాలు చాలవంటూ ఆమె మళ్లీ మళ్లీ తిప్పి పంపింది. ఈ మాత్రతో పెద్దవాళ్ల చేతులు, కాళ్ల నరాలు దెబ్బతింటున్నాయని ఒక వైద్య పత్రికలో చదివి, మరి కడుపులో బిడ్డ మాటేమిటని అడిగింది. కంపెనీ దగ్గర జవాబు లేదు. ఇతర దేశాల్లో వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. ఆ మాత్ర రాసిన డాక్టర్లకు జాలి లేదనలేం. వేవిళ్లతో అల్లాడే గర్భిణి ఎదుటే ఉంది, బిడ్డ కనిపించడు. దయ కళ్లెదుటివాళ్ల వైపే మొగ్గుతుంది. కనబడనివాళ్ల దాకా దాన్ని తీసుకెళ్లాలంటే కెల్సీకున్నంత చదువూ కావాలి.

ప్రతి చిన్న పనికీ హాని లేదని ముందే రుజువు చేయాలంటే ఏదీ సాగదన్న ఆక్షేపణ నిజమే. అందుకే ఈ నియమం వెనక్కి తీసుకోలేని పనులకు పెట్టాలి: గాలిలో, నీటిలో, ఒంట్లో పేరుకుపోయేవి, జరిగాక సరిదిద్దలేనివి. అలాంటి ప్రతిపాదనలో ‘సమాచారం లేదు’ అన్న చోట ‘ప్రమాదం లేదు’ అని చదువుకోకూడదు. దెబ్బ తగిలేవాళ్ల తరఫు మనిషి సమావేశంలో ఉండాలి, ఆ మనిషి జీతం ఆ పని నుంచి రాకూడదు, ఆపే అధికారం కాగితం మీద రాసి ఉండాలి. ఇవన్నీ పెట్టినా చెడేది సాధారణంగా ఒకచోటే. అభ్యంతరం నమోదవుతుంది, దానికిచ్చిన జవాబు నమోదు కాదు. జవాబు, ఇచ్చినవారి సంతకం లేనిదే ఫైలు ముందుకు కదలకూడదు.

కొత్త మందు, కొత్త రసాయనం, కొత్త యంత్రం గురించి మీరు వార్త వేసేటప్పుడు కనుక్కున్నవారి డిగ్రీలతో పాటు మరో రెండు సంగతులు కూడా రాయించమని కోరుతున్నాను: హాని లేదని ఎవరు, ఏ పరీక్షలతో చూపించారు? తేడా వస్తే ఆపగలిగే అధికారం ఎవరికుంది?

ఇట్లు,
ఒక పాఠకుడు