డెక్ మీద పెచ్చులు

ఒరే మావా,

ఫొటోలు చూశాను. ఇల్లు బాగుంది, పెరడు ఇంకా బాగుంది. పెరట్లో చెక్కబల్లలతో కట్టిన అరుగు, అదే డెక్, దాని రంగే పెచ్చులూడుతోంది. "పైన ఒక కోటు కొట్టేస్తే వ్రతం నాటికి మెరిసిపోద్ది" అన్నాడన్నావే, ఆ కాంట్రాక్టర్ని మాత్రం ముందు ఆపు. ఫోన్లో చెబుదామనుకున్నా గానీ నువ్వు డ్రైవింగ్‌లో ఉంటావు, సగం వింటావు, సగం వదిలేస్తావు. చెల్లెమ్మకి కూడా చూపించు, తనైతే చివరిదాకా చదువుతుంది.

నీ డెక్‌కి పాతవాళ్లు వేసింది సాలిడ్ స్టెయిన్. స్టెయిన్ అంటే చెక్కకి పట్టించే రంగు. పేరుకే స్టెయిను, గుణం పెయింటుదే. చెక్కలోకి ఇంకదు, పైన పొర కడుతుంది. గోడకైతే చెల్లుతుంది. డెక్ బల్లలకి అడుగున నేల తేమ, పైన మీ ఒహాయో మంచు, కోసిన కొసల్లోంచి వాననీళ్లు. లోపలికెళ్లిన తడి బయటికి రావాలిగా, వస్తూ వస్తూ ఆ పొరని లేపేస్తుంది. పొర లేచినచోట ఎండ పడి, చెక్క నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ పోతుంది. నీ ఫొటోల్లో కనిపించే బూడిదరంగు అదే. దానిమీద ఎంత ఖరీదైన స్టెయిన్ పూసినా ఆ వదులు నారలతోపాటే లేచిపోతుంది. కాంట్రాక్టర్‌కి ఇది తెలీక కాదు, వచ్చే ఏడు మళ్లీ పిలుస్తావని.

కాబట్టి పాతదంతా తీసేసి, ఈసారి చెక్కలోకి ఇంకిపోయే రకం, సెమీ ట్రాన్స్‌పరెంట్, వెయ్యి. అది రెండు మూడేళ్లకి వెలిసిపోతుంది, కాదనను. కానీ వెలిసినదాన్ని కడిగి ఇంకో చేయి వేస్తే సరిపోతుంది, గీకక్కర్లేదు. విస్కాన్సిన్ మ్యాడిసన్‌లో 1910 నుంచి చెక్కమీదే పరిశోధన చేస్తున్న ఫారెస్ట్ ప్రొడక్ట్స్ ల్యాబొరేటరీ వాళ్లు కూడా డెక్ నేలకి పొర కట్టే రకం వద్దనే అంటారు. రెయిలింగులు మాత్రం గట్టిగానే కనిపిస్తున్నాయి. నిలువు కర్రల మీద నీళ్లు నిలవవు. వాటి జోలికి పోకు, నేలొక్కటే తియ్యి, సగం చాకిరీ తగ్గుతుంది.

ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని బల్లల్ని పొడిచి చూడు, మెట్ల దగ్గరా, ఇంటిగోడకి డెక్‌ని బిగించిన దూలం దగ్గరా మరీ ముఖ్యంగా. మెత్తగా దిగిందంటే అది రంగుతో పోయే రోగం కాదు, చెక్క మార్చాల్సిందే. పైకి లేచిన మేకులు పీకి డెక్ స్క్రూలు బిగించు.

తర్వాత స్ట్రిప్పర్, అంటే పాత రంగుని ఊడదీసే మందు. లైతో, అదే కాస్టిక్ సోడాతో చేసింది, చర్మాన్ని కాలుస్తుంది. గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి, చుట్టూ మొక్కల్ని ముందే నీళ్లతో తడుపు. డబ్బామీద చెప్పినంతసేపు ఆరిపోకుండా ఉంచి, బ్రష్‌తో రుద్ది కడుగు. చెక్క నల్లబడుతుంది, కంగారుపడకు. ఆక్సాలిక్ ఆసిడ్ ఉన్న బ్రైటెనర్ పోస్తే తేటపడుతుంది, లై ఘాటు కూడా విరుగుతుంది. చాలామంది ఈ బ్రైటెనర్ దండగని ఎగ్గొడతారు, నువ్వు ఎగ్గొట్టకు. ప్రెషర్ వాషర్ అద్దెకి తెచ్చినా వెడల్పు నాజిల్ పెట్టి, అడుగు దూరంలో, నార వెంబడే పట్టు. దగ్గరగా పెడితే పైన్ చెక్కని చెక్కేస్తుంది.

రెండ్రోజులు ఎండనిచ్చి, మొండి పెచ్చుల్ని, అరగదీసే మిషనుంటుందే, ఆ శాండర్‌తో 60, ఆపైన 80 గ్రిట్ గరుకు కాగితం వేసి తీసెయ్. అంతకన్నా నున్నగా చేస్తే స్టెయిన్ ఇంకదు. నీటిచుక్క వేసి చూడు, పీల్చుకుంటే సిద్ధం.

అన్నట్టు, నీ ఇల్లు 2009ది కాబట్టే ఇదంతా చెబుతున్నా. 2003 చివరిదాకా ఇళ్లకి అమ్మిన ట్రీటెడ్ చెక్కలో, అంటే పుచ్చకుండా మందు ఎక్కించినదాంట్లో, చాలావరకు ఆర్సెనిక్ విషం ఉండేది. మీ బావమరిది ఇల్లు 90లది కదా, ఈ ఉత్తరం చూసి అతను శాండర్ పట్టుకోకుండా చూడు. అలాంటి చెక్కకి గీకుడూ వద్దు, ఈ మందులూ వద్దు.

స్టెయిన్ వేసేటప్పుడు ఎండ నేరుగా పడకూడదు. 50 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, మబ్బుపట్టి వాన లేని రోజైతే భేష్. (నార్త్ కరోలినాలో మా క్యారీలో ఏప్రిల్‌లో పైన్ పుప్పొడి పసుపు చల్లినట్టు పడుతుంది, ఆ నెల డబ్బా మూత తీసేవాడు లేడు.) రెండేసి బల్లలు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే ఊపులో వేసుకుంటూ పో, మధ్యలో ఆపితే అతుకు చార కనిపిస్తుంది. కోసిన కొసలకి బాగా తాగించు. పావుగంట తర్వాత ఇంకకుండా మిగిలింది గుడ్డతో తుడిచెయ్.

ఆ గుడ్డల సంగతి మర్చిపోకు. నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి గరాజ్‌లో పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నిజంగానే ఇళ్లు కాలాయి. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టు, లేదా నీళ్లు నింపిన ఇనప డబ్బాలో ముంచి మూతపెట్టు.

ఇంతా చెప్పి, వ్రతానికి ముందు ఇది మొదలెట్టొద్దనే అంటాను. పదిహేను రోజుల్లో హడావుడిగా చేస్తే తడిచెక్క మీదే పూస్తావు. పెచ్చులు ఊడ్చి, పిల్లలు పరిగెత్తేచోట మందపాటి చాప పరిచెయ్, పేళ్లు గుచ్చుకోకుండా. భోజనాలు లోపలే పెట్టించు. వచ్చినవాళ్లు పులిహోర చూస్తారు గానీ డెక్ ఎవడు చూస్తాడ్రా.

మే చివర మెమోరియల్ డే వీకెండ్‌కి మేం వస్తున్నాం. శాండర్ నా దగ్గరుంది, కొనకు. స్ట్రిప్పరూ బ్రైటెనరూ తెచ్చిపెట్టు, స్టెయిన్ రంగు చెల్లెమ్మని ఎంచమను.

నీ పాత రూమ్మేట్