ఫుర్కా మలుపులో మమ్మల్ని ఆదుకున్నవాళ్లకు

మా వారి వేళ్లలో తిమ్మిరి నిన్నటితో పూర్తిగా పోయింది. పొద్దున చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. ఆ కబురుతోనే ఈ కృతజ్ఞతలు చెప్పాలని ఇన్నాళ్లు ఆగాను.

మేం స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉంటాం. జులైలో ఒక శనివారం ఆండర్‌మాట్ నుంచి సైకిళ్ల మీద బయల్దేరి ఫుర్కా పాస్ (పాస్ అంటే కొండల్ని దాటే కనుమ దారి), ఆ వెంటనే గ్రిమ్‌జెల్ పాస్ దాటి సాయంత్రానికి మైరింగెన్ చేరాలని అనుకున్నాం. రెండేళ్లుగా దాచుకున్న కోరిక అది. రెయాల్ప్ ఊరి దాకా దారి దాదాపు చదునుగానే సాగుతుంది. అక్కడ ఎత్తు 1,538 మీటర్లు, ఫుర్కా దగ్గర 2,429. మిగతా ఎత్తంతా సుమారు పన్నెండు కిలోమీటర్లలో ఎక్కాలి. మలుపు మీద మలుపు. గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకు మించి కదల్లేదు. కింద లోయలో వాలంటీర్లు నడిపే పాత ఆవిరి రైలు పొగ వదులుతూ పోతుంటే, ఆగి చూసే వంకతో ఊపిరి తీసుకునేవాళ్లం. చెమటకి బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. అయినా ఎంత బాగుందో!

పైకి చేరేసరికి మబ్బు కమ్మేసింది. ఉరుము వినపడగానే ఇక అక్కడ నిలబడకూడదని దిగడం మొదలుపెట్టాం. వాన జాకెట్లు తెచ్చుకున్నాం గానీ, చేతులకి మాత్రం వేళ్లు సగం వరకే ఉండే ఎండాకాలం గ్లౌజులు. జులై కదా అనుకున్నాం. కొండల్లో ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే చలి ప్రమాదం ఎక్కువ. ఎక్కేటప్పుడు కాళ్ల కష్టానికి ఒళ్లు వేడిగా ఉంటుంది. దిగేటప్పుడు కాళ్లకు పనుండదు, బట్టలు తడి, ఎదురుగాలి కోసేస్తుంది. దాని మీద వడగళ్లు కలిసిన వాన.

మూడు కిలోమీటర్లు కూడా దిగలేదు, వెనక నుంచి మా వారు అరిచారు, "బ్రేకు పట్టట్లేదు!" బ్రేకు బాగానే ఉంది. దాన్ని నొక్కడానికి వేళ్లే వంగట్లేదు. పక్కనున్న గట్టుకి సైకిల్ ఆనించి, ఒక కాలు నేలకి రాపిడి పెట్టి ఎలాగో ఆగారు. కొన్నేళ్లుగా మూతబడి ఉన్న బెల్వెడేర్ హోటల్ మలుపు అది. రోన్ హిమానీనదం చూడటానికి జనం కార్లు ఆపుకునే చోటు. మా వారి పెదవులు నీలంగా మారాయి. హెల్మెట్ పట్టీ తీసుకోవడం కూడా చేతకాలేదు.

అక్కడ ఆగి ఉన్న ఒక క్యాంపర్ వ్యాన్ తలుపు తెరుచుకుంది. డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ వానలోకి దిగి వచ్చి, ఏమీ అడక్కుండా మా వారి మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. నాకు జర్మన్ కొంచెం వచ్చు. వాళ్లు మాట్లాడిన స్విస్ యాసలో సగం అర్థం కాలేదు. అర్థం కావాల్సిన అవసరమూ లేకపోయింది. తడి బట్టలు తీయించి, వాళ్లాయన స్వెట్టరు తొడిగించి, దుప్పటి చుట్టి, మా వారి చేతుల్ని ఆయన సొంత చంకల్లోనే పెట్టించారు. ఫ్లాస్కులోంచి టీ పోసి, అందులో చక్కెర నాలుగు చెంచాలు వేశారు. కప్పు పట్టుకోలేకపోతుంటే తనే పట్టుకుని తాగించారు, చంటిపిల్లాడికి తాగించినట్టు.

నాకు టెన్షన్‌లో తోచిన ఒకే ఒక్క పని, విజయవాడలో డాక్టరుగా ఉన్న తమ్ముడికి ఫోన్ చేయడం. క్లినిక్‌లో పేషెంట్లు ఉన్నా వెంటనే ఎత్తాడు.

"అక్కా, బావగారు వణుకుతున్నారా లేదా, ముందు అది చెప్పు."

"బాగా వణుకుతున్నార్రా."

"అయితే మంచిదే. ఒళ్లు ఇంకా పోరాడుతోంది. వణుకు ఆగిపోయి మాట తడబడినా, మగతగా ఉన్నా ఒక్క క్షణం ఆగకుండా అక్కడి అంబులెన్స్‌కి చెయ్. చేతులు రుద్దొద్దు. మంట దగ్గర పెట్టొద్దు. ముందు ఛాతీ, పొట్ట వెచ్చబడాలి."

ఆ పెద్దావిడ అప్పటికే చేస్తున్నవన్నీ వాడు చెబుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. స్విట్జర్లాండ్‌లో అంబులెన్స్ నంబరు 144. కొండల్లో తిరిగేవాళ్లు హెలికాప్టర్ రక్షణకి 1414 కూడా ఫోన్‌లో పెట్టుకోండి. తమ్ముడూ, ఆ అరగంటలో నువ్వే మూడుసార్లు ఫోన్ చేశావు. బయట ఎంతమంది పేషెంట్లు ఎదురుచూస్తున్నారో నాకు తెలియదు. వాళ్లకి కూడా నా దండాలు.

ఆ పెద్దావిడ భర్త కుర్రతనంలో ఈ పాస్‌లన్నీ సైకిల్ మీదే ఎక్కారట. మేం బయల్దేరేముందు ఒక దినపత్రిక తీసి, మడత పెట్టి, నా జాకెట్ లోపల ఛాతీకి అడ్డంగా దోపారు. పాతకాలం సైకిలు పందేల వాళ్లు పై నుంచి దిగేటప్పుడు ఇలాగే చేసేవారట. కాగితం గాలిని ఆపుతుంది. ఇంటికొచ్చి చూస్తే ఆ కాగితం మీద సగం నింపిన గళ్లనుడికట్టు ఉంది. ఆ పొద్దున్నే పెన్సిల్‌తో మొదలుపెట్టి ఉంటారు. అది పూర్తికాకుండానే మాకిచ్చేశారు.

ఇక మళ్లీ సైకిల్ ఎక్కే ప్రశ్నే లేదు. అటుగా వచ్చిన పసుపు రంగు పోస్ట్‌బస్సుని (అక్కడి తపాలా సంస్థ నడిపే బస్సు) ఆయనే చెయ్యెత్తి ఆపారు. సైకిళ్లకి ముందే చోటు బుక్ చేసుకోవాలి, మేం చేసుకోలేదు. డ్రైవరు గారు మా ముఖాలు చూసి, దిగివచ్చి, రెండు సైకిళ్లనీ తనే వెనక స్టాండుకి తగిలించారు. లోపల హీటరు పెంచారు. ఓబర్‌వాల్డ్‌లో దిగేటప్పుడు టికెట్ డబ్బులు తప్ప ఇంకేమీ తీసుకోలేదు.

బెర్న్‌లో ఉండే వదినకి, అన్నయ్యకి ఏం చెప్పను? మేం రమ్మనలేదు. "ఫోన్లో నీ గొంతు విన్నాక ఇంట్లో ఎలా కూర్చుంటామమ్మా" అంటూ ఆ వానలో రెండు గంటలకు పైగా కారు నడుపుకుంటూ వచ్చారు. పొడి బట్టలు, అన్నం, స్టీలు డబ్బాలో మిరియాల చారు. మా వారు ఆ రాత్రి మొదటిసారి నవ్వింది ఆ డబ్బా మూత తీసినప్పుడే. మరుసటి రోజు సైకిళ్లను కారు వెనక కట్టుకుని తీసుకెళ్లిపోయారు, మేం నిశ్చింతగా ఉండమని.

మేం బస చేసిన గెస్ట్‌హౌస్ నడిపే అమ్మాయికి ఇంకో రకంగా రుణపడ్డాం. రెండు రోజుల విశ్రాంతి తర్వాత, తమ్ముడు సరేనన్నాక, మా వారు దిగులుగా కూర్చుంటే ఆ అమ్మాయే తన నడక కర్రలు ఇచ్చి గ్రిమ్‌జెల్ బస్సు ఎక్కించింది. అక్కడి నుంచి సీడెల్‌హార్న్ శిఖరానికి నడక. పసుపు బోర్డుల మీద దూరం ఉండదు, ఎన్ని గంటలు పడుతుందో రాసి ఉంటుంది. రాళ్ల మీద తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలు దారి చూపిస్తాయి. మా వారు వేళ్లతో గట్టిగా పట్టుకోలేక కర్రల పట్టీల్లో మణికట్టు దూర్చి నెమ్మదిగా ఎక్కారు. 2,764 మీటర్ల పైన నిలబడితే ఒకవైపు రోన్ లోయ, మరోవైపు ఆరె నది మొదలయ్యే మంచు, సరస్సులు. ఇటు పడిన నీరు మధ్యధరా సముద్రానికి, అటు పడింది రైన్ నదిలో కలిసి ఉత్తర సముద్రానికి వెళ్తుంది. చాలాసేపు ఏమీ మాట్లాడుకోకుండా కూర్చున్నాం. ఆ అమ్మాయి పంపకపోతే ఆ కొండలు మా మనసులో భయంగానే మిగిలిపోయేవి.

వ్యాన్‌లోని ఆ దంపతుల పేర్లు అడగనే లేదు. ఆ గాభరాలో తోచలేదు. జర్మన్‌లో ఒక ఉత్తరం రాసి గెస్ట్‌హౌస్ నోటీసు బోర్డు మీద పెట్టించాను. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్లి, బెల్వెడేర్ మలుపులో అలాంటి పెద్దవాళ్లు కనిపిస్తే మా మాట చెప్పండి. బస్సు ఎక్కేముందు ఆవిడ తన గ్లౌజులు తీసి మా వారికి తొడిగారు. బూడిదరంగు ఉన్నితో చేత్తో అల్లినవి. కుడి బొటనవేలి దగ్గర చిరిగితే ఎర్ర దారంతో కుట్టుకున్నారు. వాటిని గోరువెచ్చని నీళ్లలో ఉతికి, నీడలో ఆరబెట్టి, మా హెల్మెట్ల పక్కనే పెట్టాను. వచ్చే జూన్‌లో మంచు తీసి ఫుర్కా రోడ్డు తెరవగానే, గళ్లనుడికట్టు కాగితంతో పాటు వాటినీ తీసుకుని ఆ మలుపుకి వెళ్తాం.