మా తపంచాకు మీరు కట్టిన విలువపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
పురాతన వస్తువుల విభాగం, హైదరాబాద్.

విషయం: వారసత్వంగా వచ్చిన పాత పిస్టల్‌ మీద మీరిచ్చిన రిపోర్టు, వస్తువుకు జరిగిన నష్టం, 16,000 రూపాయల బిల్లు గురించి.

అయ్యా,

మా బాపు పోయాక ఇంట్లో పంపకాలు పెట్టుకున్నాం. పొలం, ఇల్లు పెద్దమనుషుల ముందు తేలిపోయాయి. తేలనిది మా ముత్తాత నాటి తపంచా ఒక్కటే. దాన్ని నేను ఉంచుకుని, తమ్ముడికీ చెల్లెకూ వాళ్ల పాలు డబ్బు రూపంలో ఇద్దామనుకున్నాం. ఎంతివ్వాలో తెలియాలి కదా అని మీకు 6,000 అడ్వాన్స్ కట్టాను. మీ మనిషి దేవరకొండ వచ్చి చూసి వెళ్లారు. తర్వాత వచ్చిన రిపోర్టులో విలువ 8 లక్షలని ఉంది. ఆ 8 లక్షలు ఎలా వచ్చాయో నమ్మదగ్గ లెక్క మాత్రం ఏ పేజీలోనూ లేదు. నా ప్రధాన ఫిర్యాదు దాని గురించే.

ముందు ఒక చిన్న సంగతి. రెండో పేజీలో "ఆరు గదుల సిలిండర్ సాఫీగా తిరుగుతోంది" అని రాశారు. మాది ఒంటి గొట్టం తపంచా. మూతిలోంచి తుపాకి మందు దట్టించి, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ తొడిగి పేల్చే రకం. దానికి సిలిండరే లేదు. ఎవరి రిపోర్టులోని పేరానో మాకు అంటించారు.

ఇక అసలు విషయం. మీరు దాన్ని 1780 నాటి ఈస్టిండియా కంపెనీ సైన్యపు చెకుముకి పిస్టల్ (రాయి నిప్పురవ్వతో మందు అంటుకునే రకం) అన్నారు, ఏ మార్పూ జరగని అసలు వస్తువు అన్నారు. గొట్టం అడుగున, చెక్కకు దగ్గరగా రెండు ముద్రలున్నాయి. రెండింటిలోనూ కిరీటం, దాని కింద ఒకదాన్నొకటి దాటిన రెండు రాజదండాలు ఉన్నాయి. ఒకదానిలో ఆ దండాల సందుల్లో బి, పి, సి అక్షరాలు, ఇంకోదానిలో వి. ఇవి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తుపాకి గొట్టాలను పరీక్షించే ప్రూఫ్ హౌస్ ముద్రలు. గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు పోసి పేల్చి, పగలకుండా నిలబడితే ఈ ముద్ర వేస్తారు. ఆ ప్రూఫ్ హౌస్ పుట్టిందే 1813లో. అక్కడ పరీక్షకు నిలబడ్డ గొట్టం 1780 నాటిది ఎలా అవుతుంది? కంపెనీ తన సైన్యానికి తీసుకున్న ఆయుధాల లాక్ ప్లేట్ (పేల్చే యంత్రాంగం బిగించిన పక్క రేకు) మీద తన గుర్తు వేయించేది. మొదట్లో హృదయం ఆకారంలో ఉండే వర్తక ముద్ర, తర్వాత కిరీటం పట్టుకున్న సింహం. మా దాని మీద రెండూ లేవు. ఎవరో దొర సొంతానికి కొనుక్కున్న వస్తువు అయ్యుంటుంది.

మార్పులు లేవన్న మాటా తప్పే. లాక్ ప్లేట్ మీద హ్యామర్‌కు ముందు భాగంలో మేకు తలంత రెండు చుక్కలు కనిపిస్తాయి. వేలితో తడిమినా తెలుస్తాయి. చెకుముకి రాయి కొట్టుకునే ఉక్కు రెక్క, దాని స్ప్రింగ్, మందు పోసే చిన్న పళ్లెం ఉండే చోటు అది. టోపీలు వచ్చాక వాటిని తీసేసి, వాటి స్క్రూల రంధ్రాలు పూడ్చి (ఆ చుక్కలు అవే), గొట్టం పక్కన టోపీ తొడిగే మొన బిగించారు. హ్యామర్ కూడా మార్చారు. ఆ రోజుల్లో అది మామూలు పనే. బ్రిటిష్ సైన్యమే 1840 ప్రాంతంలో చెకుముకి వదిలి టోపీలకు మారింది. కాబట్టి మా తపంచా 1813 తర్వాత చెకుముకితో పుట్టి, ఆ తర్వాత ఎప్పుడో టోపీకి మారింది. ఇలా మార్చినదానికి, మార్చని అసలు చెకుముకి పిస్టల్‌కు వచ్చే ధర సాధారణంగా రాదు. ఈ ఒక్క ముక్క పట్టుకున్నా మీ 8 లక్షలు నిలబడవు.

అది "దేవరకొండ కోటలోని పద్మనాయక రాజుల ఆయుధాగారం నుంచి వచ్చిందని భావిస్తున్నాం" అన్న వాక్యం చదివి మా ఇంట్లో అందరం నవ్వాం. రేచర్ల పద్మనాయకులు ఏలింది 14, 15 శతాబ్దాల్లో. బర్మింగ్‌హామ్ తపంచా వాళ్ల కోటలోకి ఎలా వచ్చింది? మా ముత్తాత వనపర్తి సంస్థానంలో కొలువు చేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఏదీ లేదు, విన్నమాటే అని మీ మనిషికి స్పష్టంగా చెప్పాను. ఆయన దాన్ని వదిలేసి, ఊరి పేరు చూసి కోట కథ అల్లారు.

అన్నిటికంటే బాధ కలిగించింది ఇది. లాక్ ప్లేట్ మీద తయారీదారు పేరు సన్నగా చెక్కి ఉండేది. ముందు అక్షరాలు అరిగినా, వెలుతురు ఏటవాలుగా పడితే మిగతావి చదవగలిగేవాళ్లం. లైసెన్సు కాగితాల కోసం నేను లోపలి గదిలోకి వెళ్లొచ్చేసరికి మీ మనిషి సంచిలోంచి ఇత్తడి పాలిష్ డబ్బా తీసి, గుడ్డతో ఆ ప్లేటును తోమేస్తున్నారు. "అక్షరాలు బాగా కనబడాలి కదా సార్" అన్నారు. మా ఆవిడ టీ తెచ్చేలోపు అయిపోయింది. రెండు వందల ఏళ్లుగా ఇనుము మీద పట్టిన గోధుమరంగు పొర పోయి, ప్లేటు కొత్త గంటెలా తెల్లగా మెరుస్తోంది. పేరులో చివరి రెండక్షరాలే మిగిలాయి. పాత ఆయుధం విలువ సగం ఆ పొరలోనే ఉంటుందని, దాన్ని తోమకూడదని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు నేను చెప్పాలా? దరఖాస్తుతో పంపిన ఫొటోలు మీ దగ్గరే ఉన్నాయి, ఇప్పటివి ఈ లేఖతో పెడుతున్నాను. పక్కపక్కన పెట్టి చూడండి.

ధరకు మీరు చూపిన ఒకే ఒక్క ఆనవాలు, లండన్ వేలంలో అమ్ముడైన ఏదో పిస్టల్ ధరను రూపాయల్లోకి మార్చిన వరుస. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మామూలు మనిషి దేశం దాటించలేడు. లండన్‌లో అమ్మలేని వస్తువుకు లండన్ ధర కట్టి ఏం లాభం? ఇక్కడ, లైసెన్సు ఉన్న కొనుగోలుదారు ఎంతిస్తాడన్నదే మాకు కావలసిన లెక్క.

లైసెన్సు మాటకొస్తే, మీ రిపోర్టు చివర "ఇది పురాతన వస్తువు, లైసెన్సు అవసరం లేదు, తిరిగి ఇచ్చేయవచ్చు" అని సలహా ఇచ్చారు. అదే రిపోర్టు మొదటి పేజీలో "పనిచేసే స్థితిలో ఉంది" అని రాశారు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది మరమ్మతు చేసినా పేల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకు. మీ రెండు వాక్యాలూ పక్కన పెట్టుకుని నేను లైసెన్సు వదులుకుంటే, రేపు పోలీసులొచ్చి అడిగితే ఎవరు జవాబు చెప్పాలి? బాపు పోయాక ఆ లైసెన్సు నా పేరిట మార్పించుకోవడానికి కలెక్టరేట్ చుట్టూ ఎంత తిరిగానో నాకే తెలుసు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునే ఇల్లు మాది.

మీ బిల్లు చూశాక నాకు అంతా అర్థమైంది. ఫైనల్ ఫీజు విలువలో 2 శాతం, అంటే 16,000. మీరు ఎంత ఎక్కువ కడితే మీ ఫీజు అంత పెరుగుతుంది. ఇలాంటి పద్ధతిలో వచ్చిన అంకెను ఎవరు నమ్ముతారు? నమ్మినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, అదే చిక్కు. రిపోర్టు కాపీ మీరు నేరుగా మా తమ్ముడికీ, మహబూబ్‌నగర్‌లో ఉండే మా చెల్లెకూ మెయిల్ చేశారు. ఇప్పుడు బావగారు ఫోన్ చేసినప్పుడల్లా 8 లక్షల్లో మూడో వంతు ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. ఆయన తప్పు లేదు, ఆయన చేతిలో మీ సంస్థ స్టాంపు ఉన్న కాగితం ఉంది. నాకు మాత్రం రోజూ టెన్షన్.

కాబట్టి ఈ రిపోర్టును రద్దు చేసినట్టు రాసి, ముగ్గురికీ పంపండి. పాత ఆయుధాలు నిజంగా తెలిసిన మనిషితో మళ్లీ చూపించి, ముద్రల ఆధారంగా, మన దేశంలో జరిగిన అమ్మకాల ఆధారంగా విలువ రాయించండి. ఫీజు ముందే తేల్చిన ఒక మొత్తం కావాలి, శాతం కుదరదు. పాలిష్ వల్ల తగ్గిన విలువ ఎంతో ఆ కొత్త రిపోర్టులోనే విడిగా రాయించి, ఆ మేరకు పరిహారం ఇవ్వండి. ఇవేవీ కుదరకపోతే నా 6,000 తిరిగివ్వండి, పరిహారం సంగతి వేరుగా మాట్లాడుకుందాం.

మీ బిల్లు కింద "వివాదాలన్నీ హైదరాబాద్ పరిధిలోనే" అని చిన్న అక్షరాల్లో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవా లోపం కింద కేసు వేస్తాను. 16,000 బిల్లు అప్పటిదాకా కట్టను.

మళ్లీ ఎవరినైనా పంపేటట్టయితే ముందు రోజు ఫోన్ చేయించండి. పాలిష్ డబ్బా ఉన్న సంచి గుమ్మం బయటే పెట్టి లోపలికి రావాలని కూడా చెప్పండి.

ఇట్లు,
మీ ఖాతాదారు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.

జతపరిచినవి: పాలిష్‌కు ముందు, తర్వాత తీసిన ఫొటోలు, గొట్టం అడుగు ముద్రల ఫొటోలు, అడ్వాన్స్ రసీదు, మీ రిపోర్టు, బిల్లు కాపీలు.