రాయగడ పాత మోటారు సైకిళ్ళ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులకు, గుణుపురం, పార్వతీపురం నుంచి బళ్ళ మీద వచ్చిన మిత్రులకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు చెప్పనక్కర్లేదు. నెలవారీ సమావేశాలు జరిగాయి. దసరాకు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బళ్ళకు పూజ చేయించాం. కొత్తగా చేరినవాళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళే. తాతగారి బుల్లెట్టో, నాన్నగారి ఎజ్డీయో మూలన పడి ఉంటే చూడలేక వచ్చినవాళ్ళు. మైసూరులో ఎజ్డీలు తయారుచేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డాక ఎజ్డీ సామాను దొరకడం ఎంత కష్టమో వాళ్ళకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది వానలకు ముందు పెట్టిన ప్లగ్ క్యాపుల శిబిరం. ఇంజన్‌లో పెట్రోలు అంటించే నిప్పురవ్వ ఇచ్చేది ప్లగ్గు, దాని నెత్తిన కూర్చుని వైరు నుంచి కరెంటు అందించేది క్యాపు. కొరాపుట్ ఘాట్ ఎక్కుతుండగా వాన పట్టుకుంటే బండి మిస్సింగ్ కొట్టి ఆగిపోవడం మనందరికీ అనుభవమే. అందరూ ముందు కార్బురేటర్ విప్పుతారు. శిబిరానికి వచ్చిన బళ్ళలో చాలావాటికి కార్బురేటర్‌లో ఏ లోపమూ లేదు, తప్పంతా క్యాపు దగ్గరే. పాత టూ స్ట్రోక్ బళ్ళలో చాలావాటికి ప్లగ్గు హెడ్ (ఇంజన్ పైమూత) నడిమధ్యన ఉంటుంది, ట్యాంకు అడుగు దాదాపు దాని నెత్తినే. అక్కడ నిటారు క్యాపు పెడితే ట్యాంకు దాన్ని నొక్కుతుంది, రబ్బరు చీలుతుంది, నీటి చుక్క పడగానే కరెంటు ప్లగ్గులోకి పోకుండా ట్యాంకుకో, ఇంజన్‌ను చల్లబరిచే రెక్కకో (ఫిన్ను) దూకుతుంది. సాయంత్రం షెడ్డులో లైటు ఆర్పి ఇంజన్ స్టార్టు చేసి చూపించాం. నీలం రంగు మెరుపు టక టకా ఫిన్ను మీదికి పోతుంటే కుర్రాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. అలాంటి బళ్ళన్నిటికీ పక్కకు తిరిగిన ఎల్ ఆకారం క్యాపులు వేయించి, వైరు ఫ్రేముకు ఒరుసుకోకుండా పక్కనుంచి తిప్పించాం.

మన పెద్ద మెకానిక్ మేస్త్రీ గారు పని చేసి చూపించిన తీరు రాసి ఉంచుతున్నాను, రానివాళ్ళకు పనికొస్తుంది. వైరు కొస నల్లబడి ఉంటే కొంచెం కోసేయాలి. లోపల రాగి తీగలుంటేనే మరతో బిగించే క్యాపు పట్టు దొరుకుతుంది, కార్బన్ వైరుకు అది నిలవదు. క్యాపును తీగల నడిమికి గురిచూసి తిప్పుతూ బిగించి, లాగి చూడాలి. ప్లగ్గు నెత్తిన ఊడొచ్చే చిన్న గుండీ ఉంటుంది. కొన్ని క్యాపులకు అది ఉండాలి, కొన్నిటికి తీసేయాలి. ఇది చూసుకోకపోతే క్యాపు కూర్చున్నట్టే ఉండి గతుకుల్లో ఊడిపోతుంది. సరిగ్గా కూర్చుంటే టిక్కుమని చేతికి తెలుస్తుంది.

చెయ్యి దూరని చోట ప్లగ్గు ఎక్కించడానికి ఆయన పెట్రోలు పైపు ముక్క వాడారు. ప్లగ్గు నెత్తికి పైపు తొడిగి వేళ్ళతో తిప్పడమే. మర వంకరగా పడితే పైపు జారుతుంది తప్ప అల్యూమినియం హెడ్ పాడవదు. అదే పానాతో మొదలుపెడితే మర కొట్టేస్తుంది, హెడ్ విప్పి లేతుకు పంపాల్సిందే. చేతి బిగువు వచ్చాక కొత్త ప్లగ్గయితే పానాతో మరో అర చుట్టు చాలు.

మేస్త్రీ గారు పైసా పుచ్చుకోలేదు. ఆయనకు, షెడ్డు ఇచ్చిన వెల్డింగ్ షాపు యజమానికి, విజయనగరం నుంచి క్యాపులు, వైరు తెచ్చిన తమ్ముళ్ళకు, మధ్యాహ్నం అందరికీ పులిహోర చేసి పంపిన అమ్మలకు, ఒడియా సోదరులకు మన మాట, మనకు వాళ్ళ మాట విప్పి చెప్పిన కోశాధికారి గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరి పేరూ రాయవద్దని వాళ్ళే అన్నారు, అందుకే రాయలేదు.

ఒక మాట బాధతోనే చెప్తున్నాను. ముందు సమావేశంలో చేతులెత్తి "మేమొస్తాం" అన్నవాళ్ళలో సగంమంది ఆ రోజు కనపడలేదు. ఫోను కూడా ఎత్తలేదు. వచ్చినవాళ్ళే పొద్దున్నుంచి చీకటి పడేదాకా ట్యాంకులు దించారు, ఎక్కించారు. ఆవరణ ఇస్తామన్న కార్యాలయం వారు మా అర్జీ తీసుకుని, రేపు రండి, ఎల్లుండి రండి అంటూ తిప్పి, చివరికి జవాబే ఇవ్వలేదు. వెల్డింగ్ షాపు యజమాని ఆదుకోకపోతే శిబిరమే లేదు.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి, లెక్కలు సరిచూసిన వారి సంతకంతో. చందాలు, విరాళాలు క్యాపులకు, వైరుకు, భోజనాలకు సరిపోయాయి. మిగిలింది బ్యాంకులో ఉంది. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే కోశాధికారి గారికి కట్టి రసీదు తీసుకోండి.

వచ్చే ఏడాది పాయింట్ల గ్యాపు (ప్లగ్గుకు కరెంటు సమయానికి అందేలా తెరుచుకుని మూసుకునే పాయింట్ల మధ్య సందు) మీద శిబిరం పెట్టాలని కార్యవర్గం అనుకుంది. సభ్యులు ఆమోదిస్తే తేదీ ఇక్కడే తేల్చుదాం. ట్యాంకులు దించడానికి ఎవరెవరు వస్తారో ఈసారి పుస్తకంలో సంతకం పెట్టి మరీ చెప్పాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి